జీర్ణోద్ధరణ

పాఠ్యాంశ నేపథ్యం

పాతబడిన వస్తువును బాగుచేయించుకోవాలా, దాని స్థానంలో కొత్తది కొనుక్కోవాలా అన్న ప్రశ్న ప్రతి ఇంటిలోనూ ఏదో ఒకనాడు తలెత్తుతుంది. చాలామంది దీనికి ధరను బట్టో, అభిమానాన్ని బట్టో సమాధానం చెప్పుకుంటారు. 1986 నాటి గోదావరి వరదలో మునిగిన ఒక ఆయిలింజను కథను ఆధారం చేసుకొని, ఈ నిర్ణయానికి నిజంగా ఏ విషయాలు తెలియాలో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం. సందర్భానుసారంగా కోనసీమలోని నీటిపారుదల కట్టడాల ప్రస్తావన కూడా వస్తుంది.

పాఠ్యభాగం

'యంత్రం' అన్న మాటకు సంస్కృతంలోని 'యమ్' ధాతువు మూలం. అదుపు చేయడం, నియమించడం అని దాని అర్థం. మానవుడు ప్రకృతిశక్తిని అదుపు చేసి తన పనికి నియమించుకొన్న సాధనమే యంత్రమన్నమాట. కోనసీమ రైతు మొదట అదుపు చేయవలసి వచ్చింది నీటిని. కాలువ పారే చేలకు ఆ శ్రమ లేదు. గౌతమి, వసిష్ఠ, వైనతేయ పాయల నడుమ మేట వేసిన లంక భూములకు మాత్రం నీరు పక్కనే ఉన్నా పల్లంలో ఉంటుంది. ఎదురుగా నిండు గోదావరి, కాలి కింద బీటలు వారిన నేల! ఒకప్పుడు ఆ నీటిని ఏతంతోనో, ఇద్దరు మనుషులు చెరొకవైపు తాళ్లు పట్టి ఊపే గూడతోనో పైకి తోడేవారు. తెల్లవారుజామున మొదలుపెట్టిన గూడ ఎండ ముదిరేసరికి ఆగిపోయేది. తడిసిన నేల కొంచెమే, నొచ్చిన భుజాలు నాలుగు. ఈ గూడలను అటకెక్కించినది ఆయిలింజను.

వైనతేయ పాయ ఒడ్డున ఉన్న మా లంకలో మా నాన్నగారు 1967లో కొన్న ఇంజను అటువంటిదే. గుజరాత్‌లోని రాజ్‌కోట్‌లో తయారైనది. దాని నమూనా మాత్రం ఇంగ్లండుది. అక్కడి లిస్టరు సంస్థ 1930 ప్రాంతంలో రూపొందించిన ఒంటి సిలిండరు డీజిలు ఇంజనును చూసి రాజ్‌కోట్ కర్మాగారాలు అదే కొలతలతో దశాబ్దాలపాటు ఇంజనులు పోతపోశాయి. సిలిండరు వ్యాసం నాలుగున్నర అంగుళాలు, పిస్టను నడక అయిదున్నర అంగుళాలు, నిమిషానికి 650 చుట్లు, ఆరు హార్స్‌పవరు. ఇరువైపులా బండిచక్రాలవంటి రెండు ఫ్లైవీళ్లు. నలుగురు మనుషులు మోకులు కట్టి మోస్తే గాని కదలనంత బరువు. నిమిషానికి 1500 చుట్లు తిరిగే తరువాతి కాలపు ఇంజనుల పక్కన ఇది ఏనుగునడక నడిచే యంత్రం. ఆ నిదానమే దాని ఆయుర్దాయం. చుట్లు తక్కువైన కొద్దీ రాపిడి తక్కువ, వేడి తక్కువ.

1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను మా తరంవారు మరచిపోలేరు. ధవళేశ్వరం వద్ద ప్రవాహం ముప్పయి అయిదు లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. లంక గ్రామాలు జలమయమైనాయి. నేను అప్పుడు అమలాపురంలో ఇంటర్మీడియెట్ మొదటి సంవత్సరం చదువుతున్నాను. నీరు తీశాక ఇంటికి వెళ్లి చూస్తే అరటితోట నేలమట్టమై ఉంది. ఇంజను పాక గోడలు కరిగిపోయాయి. ఇంజను మీద మూరెడు ఒండ్రు. వరద తెచ్చిన ఒండ్రు నేలకు ఎరువు; బేరింగులకు మాత్రం విషం.

ఆ సాయంత్రం మా ఇంటి అరుగుమీద జరిగిన వాదన నాకు బాగా గుర్తుంది. మా బాబాయిగారిది కొత్త ఇంజను కొనాలన్న పక్షం. "పందొమ్మిదేళ్లు తిరిగింది అన్నయ్యా, వరదకు ముందే బోరుకొచ్చింది. నిరుడు పొగ చూడలేదూ? ఇక దానిమీద పెట్టిన ప్రతి రూపాయీ గోదాట్లో కలిపినట్టే" అన్నారాయన. మా నాయనమ్మగారు పాతదానినే బాగుచేయించమన్నారు. అది వచ్చిన ఏడే తమ ఇంట ధాన్యపుగాదె నిండిందని ఆవిడ నమ్మకం. నాన్నగారు ఏమీ మాట్లాడలేదు. ఆయన మౌనానికి కారణం నాకు తెలుసు. ఇంట్లో ఉన్న సొమ్ము అమలాపురంలో నా గది అద్దెకు, భోజనానికి, రానున్న మూడేళ్ల చదువుకు అని దాచినది. కొత్త ఇంజను కొంటే అది మిగలదు. ఆ మాట ఆయన పైకి అనలేదు, నేనూ అడగలేదు.

'బోరుకు రావడం' అన్న పలుకుబడిని ఇక్కడ కాస్త వివరించాలి. సిలిండరు లోపలి గోడ అరిగి వదులైనప్పుడు దానిని మళ్లీ గుండ్రంగా చెక్కించి, పెద్ద పిస్టను వేయడాన్ని రీబోరింగు అంటారు. ఆ పని అవసరపడిన ఇంజను బోరుకు వచ్చినట్లు. మన భాష ఎంత ఉదారమైనదంటే, కారఖానా నుంచి వచ్చిన ఈ మాటను ఇప్పుడు పాతబడిన మనుషులకు కూడా వాడుతున్నాము.

మరునాడు మా బాబాయిగారు ఇంజనుమీది బురద కడిగించి, హ్యాండిలు తగిలించి తిప్పబోయారు. సరిగ్గా అప్పుడే మేస్త్రిగారు వచ్చారు. ఆయన అయిదో తరగతి దాటి చదువుకోలేదు. చుట్టుపక్కల లంకలన్నిటిలోని ఇంజనుల జాతకాలూ ఆయనకు కంఠస్థం. దూరం నుంచే చెయ్యెత్తి, "ఆయ్! తిప్పకండి బాబుగారూ, తిప్పకండి! కడుపులో నీళ్లున్నాయండి" అని కేక వేశారు.

ఆ కేకలో ఒక భౌతికశాస్త్ర సూత్రం ఉంది. డీజిలు ఇంజనులో నిప్పురవ్వ ఉండదు. పిస్టను గాలిని దాని మొదటి పరిమాణంలో పదిహేనో, పదహారో వంతుకు ఒత్తివేస్తుంది. ఆ ఒత్తిడికి గాలి అయిదువందల సెంటిగ్రేడు డిగ్రీలకు పైగా వేడెక్కి, అందులోకి చిమ్మిన డీజిలు దానంతటదే మండుతుంది. జర్మనీలో రుడాల్ఫ్ డీజిల్ 1897లో పనిచేయించి చూపిన సూత్రమిదే. కాని గాలి అణిగినట్లు నీరు అణగదు. సిలిండరులో నీరు నిలిచి ఉండగా బరువైన ఫ్లైవీళ్ల వేగంతో పిస్టను పైకి వస్తే, అణగని నీటికీ ఆగని చక్రానికీ మధ్య కనెక్టింగు రాడ్డు వంగిపోతుంది. అప్పటిదాకా మునిగిన ఇంజను మాత్రమే అయినది ఆ క్షణంలో విరిగిన ఇంజను అవుతుంది. నీట మునిగిన యంత్రానికి చేయవలసిన మొదటి సేవ దానిని కదపకుండా ఉంచడం. వరదల తరువాత మోటారు సైకిళ్లను, పంపుసెట్లను వెంటనే స్టార్టు చేసి చూసే తొందరలో ఎందరో నష్టపోతున్నారు.

మేస్త్రిగారు ఇంజను నూనె వదిలారు. నూనె కాదది, పాలు కలిపిన కాఫీవంటి ద్రవం. నాజిలు తీసి, సిలిండరులోని నీటిని కార్చి, ఫ్లైవీలును చేత్తో అంగుళం అంగుళం చొప్పున తిప్పారు. మా బాబాయిగారు ఉండబట్టలేక, "ఇంతకూ పనికొస్తుందా, రాదా? ఒక్కమాట చెప్పవయ్యా" అన్నారు. దానికి ఆయన ఇచ్చిన జవాబు ఇది: "ఇప్పి చూడకుండా ఏం చెప్పమంటారండి? పైన బురదుంటే చచ్చినట్టు కాదండి, పైన రంగుంటే బతికినట్టూ కాదండి. కొలిచి చెప్తానండి."

విద్యార్థులు ఈ 'కొలిచి చెప్పడం' అన్న మాటను గమనించాలి. ఇంజను విప్పడానికి ఒకరోజు పట్టింది. హెడ్డు, పిస్టను, రాడ్డు, క్రాంకుషాఫ్టు ఒక్కొక్కటిగా కిరసనాయిలుతో కడిగి తాటాకు చాపమీద వరుసగా పేర్చారు. తరువాత మేస్త్రిగారు గుడ్డలో చుట్టిన మైక్రోమీటరును పూజాద్రవ్యంలా బయటికి తీశారు. ఆయన లెక్క 'థౌ'లలో. థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు. తల వెంట్రుక మందం సుమారు మూడు థౌలు ఉంటుంది. సిలిండరును పైభాగంలో, మధ్యన, అడుగున కొలిచారు. ఒక్కొక్క చోటా అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి.

సిలిండరు అంతటా ఒకే తీరున అరగదు. పిస్టను పైకి వెళ్లి ఒక్క క్షణం ఆగి వెనుదిరిగే చోట వేడి ఎక్కువ, నూనె తడి తక్కువ. కనుక పైభాగం ఎక్కువగా అరుగుతుంది. రాడ్డు ఒరిగి నెట్టే పక్క మరికొంత అరుగుతుంది. ఈ కారణంగా గుండ్రని సిలిండరు కాలక్రమంలో పైన వెడల్పుగా, కోడిగుడ్డు ఆకారంలోకి మారుతుంది. గుండ్రని రింగులు కోలగా మారిన గోడను అంటిపెట్టుకోలేవు. ఆ సందులోనుంచి ఒత్తిడి కిందికి జారిపోతుంది, నూనె పైకి పాకి మండుతుంది. మా ఇంజను నిరుడు వదిలిన నీలిపొగకు కారణం ఇదే. నల్లపొగ వేరు, అది డీజిలు పూర్తిగా మండలేదని చెబుతుంది. తెల్లపొగ అసలే మండని డీజిలుదో, లోపలికి చేరిన నీటిదో.

పైభాగంలో అరుగుదల పన్నెండు థౌలు తేలింది. మా బాబాయిగారు "చూశారా!" అన్నట్లు నాన్నగారి వైపు చూశారు. మేస్త్రిగారు ఏమీ అనకుండా క్రాంకుషాఫ్టు చేతిలోకి తీసుకొన్నారు. దానిని కొలిచేసరికి ఆయన ముఖం తేటపడింది. పందొమ్మిదేళ్ల తరువాత కూడా అది ఒకటి రెండు థౌల తేడాతో గుండ్రంగానే ఉంది. రాడ్డు వంగలేదు. చివరగా ఇంజను బాడీని ఎండలో పెట్టించి, సుద్దపొడి చల్లి, సుత్తితో మెల్లగా తట్టుతూ చెవి ఒగ్గి విన్నారు. పగులు ఉంటే నూనె ఊరి సుద్దమీద గీత తేలుతుంది. మోత కూడా పగిలిన కుండలా వినిపిస్తుంది. గీత తేలలేదు. గంట మోగినట్లు మోగింది.

చరకసంహిత రోగాలను చికిత్సకు లొంగే తీరును బట్టి విభజించింది. సులభంగా నయమయ్యేవి సుఖసాధ్యాలు. ప్రయాసతో నయమయ్యేవి కృచ్ఛ్రసాధ్యాలు. పూర్తిగా నయం కాకపోయినా చికిత్స సాగినంతకాలం అదుపులో ఉండేవి యాప్యాలు. చికిత్సకు లొంగనివి అసాధ్యాలు. వైద్యుడు మందు మొదలుపెట్టడానికి ముందే ఈ విచక్షణ చేయాలంటుంది ఆ శాస్త్రం. మేస్త్రిగారు చరకుని పేరు విన్నారో లేదో నాకు తెలియదు. ఆ తాటాకు చాప ముందు కూర్చొని ఆయన చేసినది మాత్రం సరిగ్గా ఆ పనే. రింగులు, గాస్కెట్లు, వాల్వులు సుఖసాధ్యాలు. ఒండ్రు గీతలు పడిన బేరింగులు, అరిగిన సిలిండరు కృచ్ఛ్రసాధ్యాలు. అమలాపురం లేతు వర్క్‌షాపుకు తీసుకుపోయి ఇరవై థౌలు బోరు చేయించి, ఆ కొలతకు పెద్ద పిస్టను వేయాలి. నీళ్ల పంపు యాప్యం. రెండేళ్లకొకసారి చూసుకుంటూ పోవాలి. అసాధ్యమైనది ఏదీ లేదు. బాడీయో, క్రాంకో పోయి ఉంటే కొత్త ఇంజను కొనుక్కోండని తానే చెప్పేవాడినన్నారు మేస్త్రిగారు.

దోషాలను ముందుగా ఎంచి చూసే పద్ధతి మన శాసనాలలోనూ కనిపిస్తుంది. కడప జిల్లాలోని పోరుమామిళ్ల చెరువు శాసనం 1369 నాటిది. మంచి చెరువుకు ఉండవలసిన పన్నెండు అంగాలను, ఉండకూడని ఆరు దోషాలను అది విడివిడిగా పేర్కొంటుంది. కట్టనుంచి నీరు ఊరడం ఆ దోషాలలో ఒకటి. పాత దేవాలయాన్ని, చెరువును పునరుద్ధరించడాన్ని మన పెద్దలు 'జీర్ణోద్ధరణ' అన్నారు. జీర్ణమైనదానిని పైకెత్తడం దాని అర్థం. పైకెత్తడానికి లోపల ఏదో ఒకటి గట్టిగా మిగిలి ఉండాలి గదా! ఏమి మిగిలిందో చూడకుండా చేసే జీర్ణోద్ధరణ భక్తి కావచ్చు, విజ్ఞత కాదు. మా నాయనమ్మగారి పక్షాన ఉన్న లోపం అది. అరుగుదల ఒక్కటే చూసి మిగిలినదానిని చూడకపోవడం మా బాబాయిగారి వైపు లోపం.

ఇక డబ్బు సంగతి. మరమ్మతు ఖర్చు కొత్తదాని ధరలో సగం దాటితే కొత్తదే కొనమని మెకానిక్కులు ఒక లెక్క చెబుతుంటారు. తొందరలో పనికివచ్చే లెక్కే గాని, అది గుడ్డిది. బాగుచేసిన ఇంజను ఇంకా ఎన్నేళ్లు తిరుగుతుందో అది అడగదు. ఒక ఊహాలెక్క వేసి చూద్దాం. కొత్త ఇంజను ధర 20,000 రూపాయలు, ఇరవై ఏళ్లు పనిచేస్తుందనుకుందాం. ఏడాదికి పడే ఖర్చు 1,000 రూపాయలు. పాతదాని మరమ్మతుకు 6,000, ఆ తరువాత అయిదేళ్లు నడుస్తుందనుకుంటే ఏడాదికి 1,200. సగం ధర లెక్క ప్రకారం మరమ్మతు చవక. ఏడాది లెక్క ప్రకారం కొత్తదే చవక! అయితే రైతు చేతిలో 6,000 మాత్రమే ఉండి, మిగిలిన 14,000 నూటికి రెండు రూపాయల నెలవడ్డీకి తేవలసివస్తే నెలకు 280, ఏడాదికి 3,360 రూపాయలు వడ్డీకే పోతుంది. అప్పు తీరేవరకు కొత్త ఇంజను చవక అన్న మాటే ఉండదు. మరొక కోణం ఉంది. సరిగా బాగుపడని పాత ఇంజను గంటకు పావులీటరు డీజిలు ఎక్కువ తాగితే, ఏడాదికి నాలుగు వందల గంటల పనిలో వంద లీటర్లు వృథా. ఇంధనం ధర పెరిగినకొద్దీ తరాజు కొత్తదానివైపు ఒరుగుతుంది. అంకెలు మీ ఇష్టం వచ్చినట్లు మార్చి చూడండి, సమాధానం మారుతూనే ఉంటుంది. ఏడాదికి ఎన్ని గంటల పని, ఎంత వడ్డీ, ఎంత ఇంధనం అన్న మూడింటిని చెప్పకుండా ఏది లాభమని అడగడం వ్యర్థం.

కొన్నిసార్లు ఈ రెండూ కాని మూడో దారి ఏర్పడుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో వ్యవసాయానికి ఉచిత విద్యుత్తు ప్రకటించాక, కరెంటు అందే చేలలో చాలామంది రైతులకు ఇంజను బాగుచేయించాలా, కొత్తది కొనాలా అన్న ప్రశ్నే లేకుండా పోయింది. మోటారు పెట్టుకొన్నారు. వరదకు స్తంభాలు కొట్టుకుపోయే లంకలలో మాత్రం ఇంజనుకు సెలవు దొరకలేదు.

లాభనష్టాలకు అందని సందర్భం ఇంకొకటుంది. వసిష్ఠ పాయ మీద సఖినేటిపల్లి రేవు నుంచి నరసాపురానికి, గౌతమి మీద ముక్తేశ్వరం నుంచి కోటిపల్లికి పంటులలో దాటిన అనుభవం కోనసీమవాసులకు కొత్తది కాదు. ఎదుర్లంక వద్ద గౌతమిపై వంతెన 2002లో వాడుకలోకి వచ్చేదాకా యానాం వైపు వెళ్లేవారికీ పడవప్రయాణమే గతి. మనుషులను, సైకిళ్లను, మోటారు సైకిళ్లను, ఒక్కొక్కప్పుడు కార్లను కూడా ఎక్కించుకొనే పంటుకు ఇంజనే ప్రాణం. ఇప్పుడు మా చేనిలోని ఇంజనునే పంటులో ఊహించండి. అదే పన్నెండు థౌల అరుగుదల, అదే పొగ. చేనిలో అది ఆగిపోతే అరటికి ఒకరోజు నీరు ఆలస్యమవుతుంది. ఎర్రనీరు వచ్చే రోజులలో నడిగోదావరిలో ఆగిపోతే పంటు ప్రవాహానికి అడ్డంగా తిరుగుతుంది; అందులో ఉన్నవారికి ఏ లెక్కా అక్కరకు రాదు. కనుక చేనిలో 'ఇంకొక ఏడాది చూద్దాం' అనడం పొదుపు. రేవులో ఆ మాట అనడం నేరం. ఒకే కొలతకు రెండు చోట్ల రెండు తీర్పులు రావడం అసంగతం కాదని నా అభిప్రాయం. యంత్రం ఎంత అరిగిందన్నది సగం ప్రశ్న మాత్రమే. అది ఆగిపోతే ఏమవుతుందన్నది మిగిలిన సగం.

మా ఊరినుంచి అమలాపురం వెళ్లే దారిలోనే ఇంతకన్న పెద్ద ఉదాహరణ ఉంది. పి.గన్నవరం వద్ద కాలువ వైనతేయను దాటి నగరం లంకలోకి ప్రవహిస్తుంది. నదిమీద నది! 1850ల తొలినాళ్లలో హేగ్ అనే ఇంజనీరు అక్కడ నలభై అడుగుల వెడల్పు గల నలభైతొమ్మిది కమానులతో అక్విడెక్టు కట్టించాడు. కాటన్ దొర ఆధ్వర్యంలో 1847లో మొదలై 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట నీటిని రాజోలు ప్రాంతపు చేలకు చేర్చినది ఆ కమానులే. దాదాపు నూటయాభై ఏళ్ల తరువాత దాని పక్కనే కొత్త అక్విడెక్టు కట్టి 2000లో వాడుకలోకి తెచ్చారు. ఆకలిగొన్నవారికి లేదనకుండా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మగారి పేరు దానికి పెట్టారు. ఆ మహాతల్లి ఆ గన్నవరం ప్రాంతంలోనే జీవించి 1909లో కన్నుమూశారు.

అక్కడ నిలబడి ఆలోచిస్తే మరొక సూక్ష్మం బోధపడుతుంది. పాత కట్టడాన్ని సమూలంగా బాగుచేయాలంటే కాలువ కట్టివేయాలి. లంకకు ఉన్న నీటిదారి అదొక్కటే అయినప్పుడు ఒక పంటకాలం పోవడం చిన్న మాట కాదు. కొత్తది పక్కన కట్టుకుంటే అది పూర్తయ్యేవరకు పాతది నీరు మోస్తూనే ఉంటుంది. మరమ్మతు ఖర్చులో ఈ ఆగిపోయే కాలాన్ని కూడా కలుపుకోవాలి. ధవళేశ్వరం ఆనకట్ట విషయంలోనూ ముందుగా జరిగినది ఉద్ధరణే. తరతరాలుగా దాని ఎత్తు పెంచారు, పైన తలుపులు అమర్చారు, దెబ్బతిన్నచోట్ల బాగుచేశారు. చివరకు 1970లో కొత్త బ్యారేజీ పని మొదలై 1982లో పూర్తయింది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం భాగాలలో మొత్తం 175 గేట్లు గల ఆ బ్యారేజీకి కాటన్ పేరే పెట్టారు. రాతికట్ట పోయింది గాని, గోదావరిని ఎక్కడ ఆపాలో, కాలువలను ఎటు మళ్లించాలో నిర్ణయించిన ఆలోచన పోలేదు. కొత్తది కట్టినప్పుడు కూడా పాతదానిలోని గట్టిభాగాన్ని గుర్తించి నిలుపుకోవడమే అది.

తిరిగి మా అరుగు దగ్గరికి వద్దాం. మేస్త్రిగారు లెక్క చెప్పాక నాన్నగారు ఆయనను రెండే ప్రశ్నలు అడిగారు. "ఎన్నాళ్లలో అవుతుంది? ఎన్నేళ్లు వస్తుంది?" మొదటిదానికి పదిహేను రోజులన్నారు. రెండోదానికి, "నూనె మార్చేది నేనయితే పదేళ్లండి. బాబాయిగారయితే నాకు తెలీదండి" అన్నారు. మా బాబాయిగారితో సహా అందరూ నవ్వారు. సిలిండరు లేతుకు వెళ్లింది. నేను మరునాడు అమలాపురం వెళ్లిపోయాను. ఆ ఏడు కార్తికమాసంలో ఇంటికి వచ్చినప్పుడు, రేవు దిగుతూండగానే ఆ చప్పుడు వినిపించింది. పొగగొట్టం నుంచి పొగ కనిపించనంత పలచగా వస్తున్నది.

మేస్త్రిగారు చెప్పిన పదేళ్లు దాదాపు లెక్కకు సరిపోయాయి. 1996 నవంబరు 6 రాత్రి కోనసీమను కూల్చివేసిన తుఫానులో లక్షల కొబ్బరిచెట్లు నేలకొరిగాయి. వాటిలో ఒకటి మా ఇంజను పాకమీద పడింది. కరెంటు స్తంభాలు కూలి ఊళ్లన్నీ చీకట్లో ఉన్న ఆ రోజులలోనే మేస్త్రిగారు సైకిలుమీద వచ్చి చూశారు. ఈసారి విప్పనవసరం కూడా లేకపోయింది. బాడీ మీద పైనుంచి కిందివరకు పగులు. ఆయన సుత్తితో ఒక్కసారి తట్టి, మోత విని, తల అడ్డంగా ఊపారు. "ఇది మరి లేవదండి. కొత్తది తెచ్చుకోండి" అన్నారు. అప్పటికి నేను ఉద్యోగంలో కుదురుకొన్నాను. నా మొదటి జీతాలలో దాచినది నాన్నగారికి పంపాను. కొత్త ఇంజను వచ్చింది. ఎవరూ వాదించలేదు.

పాతదానిని తూకానికి అమ్మబోతే మేస్త్రిగారు ఆపారు. క్రాంకుషాఫ్టును విప్పి, అదే గుడ్డలో చుట్టిన అదే మైక్రోమీటరుతో కొలిచారు. నాలుగు థౌలు. దానిని, రెండు ఫ్లైవీళ్లను తూకం ధరకన్న కొంచెం ఎక్కువ ఇచ్చి తీసుకువెళ్లి, అవతలి లంకలో ఒక రైతు ఇంజనుకు అమర్చారు. గాలి అటునుంచి వీచే సాయంకాలాలలో ఏటి మీదుగా ఆ చప్పుడు మా అరుగు వరకు వినిపించేది. నాన్నగారు ఒక్కొక్కప్పుడు మాట ఆపి వినేవారు.

అభ్యాసం

వ్యాసరూప సమాధాన ప్రశ్నలు
1. మేస్త్రి ఇంజనును పరీక్షించిన విధానాన్ని, చరకసంహితలోని రోగవిభజనతో పోలుస్తూ వివరించండి.
2. మరమ్మతు, కొనుగోలు వీటిలో ఏది లాభమో నిర్ణయించడానికి రచయిత వేసిన లెక్కను మీ ఇంటిలోని ఒక వస్తువుకు అన్వయించి రాయండి.

సంక్షిప్త సమాధాన ప్రశ్నలు
1. నీట మునిగిన ఇంజనును వెంటనే ఎందుకు తిప్పకూడదు?
2. చేనిలోని ఇంజనుకు, పంటులోని ఇంజనుకు ఒకే తీర్పు ఎందుకు పనికిరాదు?
3. ధవళేశ్వరం ఆనకట్ట స్థానంలో బ్యారేజీ వచ్చినా పోకుండా నిలిచినది ఏది?

భాషాంశం
'జీర్ణోద్ధరణ' పదాన్ని విడదీసి సంధి పేరు రాయండి. 'బోరుకు రావడం' వంటి, వృత్తుల నుంచి వాడుకలోకి వచ్చిన పలుకుబడులను మీ ప్రాంతంలో అయిదింటిని సేకరించండి.